మంగళవారం ఎలుక

నేను సెలవుకు ఇంటికి వెళ్లాలంటే నా పెంపుడు పామును ఎవరికైనా అప్పగించాలి. ఈ అరబ్బు దేశంలో, మా సాల్మియా గదిలో నాతో ఉండేది కోనసీమ బాబాయ్ ఒక్కరే. ఆయనకు వరుసగా చెప్పాను: చేతులకు కోడికూర వాసన ఉంటే ఆహారమనుకుని కరుస్తుంది, సబ్బుతో కడగాలి, పైనుంచి పట్టకూడదు, పక్కనుంచి అందుకోవాలి, ఒళ్లంతా చేతులపై ఆననివ్వాలి, ప్రతి మంగళవారం ఒక ఎలుక పెట్టాలి.

ఆయన ఏకంగా స్నానం చేసి వచ్చి, ప్రసాదానికి చాపినట్టు రెండు చేతులూ చాపారు. పాము నెమ్మదిగా పాకివచ్చి అక్కడే చుట్టుకుంది.

“చూసుకుంటాను గానీ, మంగళవారం దీనికి ఎలుక పెట్టలేనబ్బాయ్.”

“తినేది మీరు కాదు కదా బాబాయ్?”

“సుబ్రహ్మణ్యేశ్వరస్వామి రోజున ఆయనకే నీచు తినిపించమంటావేంటి?”

“మరి బుధవారం?”

“బుధవారమైతే ఖలాస్, గొడవ లేదు.”

పాము భోజనం బుధవారానికి మార్చి, టికెట్ కొన్నాను.