అత్తగారి జవాబుల కాగితం

ఆ ఆసుపత్రిలో లాండ్రీ అంటే నేలమాళిగ. పైన ఆరు అంతస్తుల్లో ఎవరు ఏ మంచం మీద పడుకున్నా, వాళ్ల కింది దుప్పటి మర్నాటికి ఆ నేలమాళిగకు దిగాల్సిందే. అక్కడ పదహారేళ్లుగా దుప్పట్లు ఉతికి, ఆరేసి, మడతలు పెడుతున్న ఆవిడను అందరూ దుప్పట్లక్క అనేవారు. డాక్టర్లు కూడా అలాగే పిలిచేవారు. జీతం చీటీ మీద తప్ప ఆవిడ అసలు పేరు ఇంకెక్కడా కనిపించేది కాదు, దానికి ఆవిడకేం బాధా లేదు.

బాధంతా చేతులతోనే. బ్లీచింగ్ నీళ్లలో నాని నాని వేళ్లు కణుపుల దగ్గర పగిలిపోయాయి. కూరలో ఉప్పు వేయబోతే కళ్లలో నీళ్లు తిరిగేవి. చర్మం డాక్టరు ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకో ఏడాది ఇదే పని చేశావంటే ఈ వేళ్లు ముడవడం కూడా కష్టమవుతుంది. పని మార్చుకో" అని చెప్పేశాడు. చెప్పడం తేలికే. మారడానికి ఆసుపత్రి మొత్తం మీద ఆవిడకు ఒక్కటే దారి ఉంది, ఐదో అంతస్తులో పనిముట్ల గది. ఆపరేషన్ కత్తెరలూ పటకార్లూ ఆవిరి యంత్రంలో శుభ్రమయ్యాక వాటిని ట్రేలలో సర్ది, లేబుళ్లు అంటించే పని. నీళ్లలో చెయ్యి పెట్టక్కర్లేదు. కానీ లేబుళ్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి ఒక పరీక్ష పెట్టారు. ఒక పేజీ ఇంగ్లీషు కథనం, మధ్యమధ్య ఇరవై ఖాళీలు. పన్నెండు సరిగ్గా నింపితే ఐదో అంతస్తు, లేకపోతే నేలమాళిగ. మూడుసార్ల కంటే ఎక్కువ రాయనివ్వరు.

దుప్పట్లక్క అప్పటికే రెండుసార్లు రాసి రెండుసార్లూ బోల్తా పడింది. మొదటిసారి ఏడు, రెండోసారి తొమ్మిది. పదో తరగతి దాకా చదువుకుంది, ఇంగ్లీషు బొత్తిగా రానిదేం కాదు. ఆవిడ జబ్బు వేరు. ఖాళీ కనిపిస్తే ఆగలేదు. చిరిగిన దుప్పటి కంటబడితే చేతికి దొరికిన గుడ్డతో మాటు వేసేసినట్టు, నోటికొచ్చిన మొదటి మాట అక్కడ కుక్కేసి ముందుకు పోయేది. గాలి, వర్షం, చలి, అన్నిటికీ 'బిగ్' అని రాసి వచ్చిన ఘనత ఆవిడది.

ఐదో అంతస్తులో పెద్ద సిస్టర్ అని ఒకావిడ ఉండేది. ముప్పై ఏళ్ల సర్వీసు, గంభీరమైన గొంతు, ఎవరినీ ఊరికే పొగడదు. ఆవిడే ఒకరోజు దుప్పట్లక్కను పిలిచి అట్ట ఊడిన పాత పుస్తకం ఒకటి చేతిలో పెట్టింది. అందులో యాభై కథనాలున్నాయి. తేనెటీగల గురించి, గాజు తయారీ గురించి, సముద్రం మధ్య దీపం కాసే ముసలాయన గురించి. ఒక్కోదానికి ఇరవై ఖాళీలు. పుస్తకం ఇచ్చినట్టే ఇచ్చి, చివరి నాలుగు కాగితాలూ పర్రున చింపేసింది.

"అయ్యో సిస్టర్ గారూ!" అంది దుప్పట్లక్క.

"జవాబులు వెనకాలే ఉంటే చెయ్యి ఊరుకోదమ్మా. నేనూ ఆ బాపతే, నాకు తెలీదా? ఇవి ఇంట్లో ఎవరికైనా ఇచ్చి దిద్దించుకో. నువ్వు అడిగినా ఇవ్వని మనిషై ఉండాలి. పని అయ్యాక పుస్తకం, కాగితాలు రెండూ నాకు తెచ్చియ్యి. నీ తర్వాత ఇంకొకరికి పనికొస్తాయి."

అడిగినా ఇవ్వని మనిషి అనగానే ఆవిడకు అత్తగారే తట్టారు.

ఆ అత్తగారి గురించి కాస్త చెప్పాలి. ముప్పై ఏళ్లు ఒక దర్జీ షాపులో చొక్కాలకు కాజాలు కుట్టారు. గుండీ పట్టే ఆ చిన్న సందు చుట్టూ దారం ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా నడిపించాలి. అందుకని ఆవిడ చూపు దేని మీద పడినా సూదిలా దిగేది. టేపు మీది అంకెలు వచ్చు గానీ ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. కళ్లజోడు ముక్కు మీదికి జారవిడిచి, దాని పైనుంచి కోడలి మొహంలోకి చూడటం ఆవిడ అలవాటు. కోడలు టీ తెస్తే టీ కేసి కాదు, మొహం కేసి చూసేవారు. డ్యూటీ నుంచి వస్తే మొహం, ఫోను మాట్లాడితే మొహం. పద్దెనిమిదేళ్ల కాపురంలో దుప్పట్లక్కకు ఒళ్లు మండే సంగతి ఏదైనా ఉంటే అదే.

"ఏం తప్పు దొరుకుతుందా అని కాచుక్కూర్చుంటారండీ మీ అమ్మగారు" అనేది మొగుడితో. ఆయన సిటీ బస్సు డ్రైవరు. "నాకు రోడ్డు చూడ్డమే సరిపోతోంది. ఇంట్లో ఎవరు ఎవర్ని చూస్తున్నారో నాకేం తెలుసు" అని తప్పుకునేవాడు.

ఏమైతేనేం, జవాబులు అత్తగారి చేతికి వెళ్లాయి. రోజూ నాలుగింటికి, డ్యూటీ దిగి కాస్త నడుం వాల్చాక, వంటింటి బల్ల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవారు. కోడలు పెన్సిలుతో ఇరవై ఖాళీలూ నింపి పుస్తకం తిప్పి పెట్టేది. అత్తగారు కాగితంలో ఆ కథనం నంబరు వెతికి, సూది మొనతో ఒక్కో అక్షరం ఆకారం పోల్చుకునేవారు. ఇక్కడ గుండ్రం, అక్కడా గుండ్రం. ఇక్కడ నిలువు గీత, అక్కడ లేదు. "తప్పు." ఇరవైకి అరగంట పట్టేది. వంకర అక్షరం రాస్తే అదీ తప్పే. ఒకరోజు కోడలు సరైన మాటే రాసి తోక కాస్త పొడుగు లాగితే, ఒప్పుకోనంటే ఒప్పుకోనన్నారు.

"మాట అదేనండీ అత్తయ్యా!"

"కాగితంలో తోక లేదు. కొట్టేసి మళ్లీ రాయి."

దిద్దడం అయ్యాక కాగితాలు మడిచి తన కుట్టు ఏప్రాన్ జేబులో పెట్టుకునేవారు. కోడలు నవ్వుతూ చెయ్యి చాపినా సరే, జేబు మీద చెయ్యి వేసుకుని కూర్చునేవారు.

మూడో వారం దాటాక అత్తగారి వేగం పెరిగింది. సూది పక్కన పెట్టేశారు. కాగితం వంక ఒక చూపు, కోడలి మొహం వంక ఒక చూపు, "ఒప్పు. ఒప్పు. ఇది తప్పు, మొత్తం మళ్లీ మొదట్నుంచి చదువు" అనేవారు. అలవాటు మీద చెయ్యి తిరిగిందిలే అనుకుంది దుప్పట్లక్క. మొత్తం మళ్లీ చదవడం ఆవిడకు మహా చిరాకు. కానీ చదివితే మాట దొరికేది. గాలి గురించి రాసినప్పుడు వెనక వాక్యంలో ఓడ ఊగిందని ఉంటే ఇక్కడ 'స్ట్రాంగ్' పడాలని, వర్షానికైతే 'హెవీ' అంటారని, అలా ఒక్కోటీ తెలిసొచ్చేది. 'బిగ్' పీడ మెల్లగా వదిలింది.

పరీక్ష రేపనగా యాభయ్యో కథనం దిద్దుతుంటే, పక్కింటావిడ చొక్కా గుండీ ఊడిందని పిలిచింది. అత్తగారు లేచి వెళ్లారు. జీవితంలో మొదటిసారి కాగితం బల్ల మీద మర్చిపోయారు. దుప్పట్లక్క చూడకూడదనే అనుకుంది. కానీ ఫ్యాను గాలికి అది తనంతట తనే విప్పుకుంది.

అందులో కుట్టుమిషను బొమ్మ ఉంది. చుట్టూ బాణాలు, ఒకటి నుంచి ఇరవై దాకా నంబర్లు, భాగాల పేర్లు. మిషను కొన్నప్పుడు పెట్టెలో వచ్చిన కాగితం అది.

అత్తగారు తిరిగి వచ్చేసరికి కోడలు దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది.

"ఇదేంటత్తయ్యా?"

"మిషను కాగితం" అన్నారు అత్తగారు, ఏమీ జరగనట్టు.

"జవాబులేవి?"

అత్తగారు అల్మారా మీది గుండీల డబ్బా దించి, అందులోంచి పిడికెడు గట్టి ఉండ ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. తెల్లగా, ఎండిపోయి, అక్కడక్కడా నల్ల మరకలతో ఉంది. "ఏప్రాన్ జేబులో ఉండిపోయింది. మూడో వారం ఆదివారం నువ్వు చూడకుండా ఉతికేశావు."

డాక్టర్ల కోట్ల జేబులు ఒక్కోటీ తడిమి చూసి పెన్నులూ చీటీలూ తీసి పక్కన పెట్టే మనిషి, ఇంట్లో ఒక్క ఏప్రాన్ జేబు చూడలేదు. దుప్పట్లక్క కుర్చీలో కూలబడింది.

"మరి ఇన్నాళ్లూ ఒప్పు, తప్పు అని... అంతా ఉత్తదేనా? నెల రోజులు నన్ను మభ్యపెట్టారా? రేపే పరీక్ష. ఇంకో అవకాశం కూడా లేదు నాకు!"

"చెబితే ఏం చేసేదానివి? నా చేతులతో నేనే ఉతికేశానని రెండ్రోజులు ఏడ్చి, పుస్తకం మూసేసేదానివి. ఆ లాండ్రీలోనే పడి ఉండేదానివి." అత్తగారు ఎదురుగా కూర్చున్నారు. "నాకు ఆ మాటలు తెలీవే. నువ్వు తెలుసు. తెలిసిన మాట రాసేటప్పుడు నీ పెన్సిలు ఆగదు. తెలియనిది రాస్తే బొటనవేలితో దాని చివర నొక్కుతావు, పెదవి ఎడమ పక్కకు పోతుంది. అప్పుడు తప్పనేదాన్ని. అంతే."

దుప్పట్లక్క పుస్తకం చంకలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని ఆసుపత్రికి నడిచింది. కోపంతో ఒంట్లో నిప్పులు పోసినట్టుంది. ఆ కోపం కింద ఎంత భయం ఉందో ఆవిడకే తెలుసు.

పెద్ద సిస్టర్ సాయంత్రం డ్యూటీలో ఉంది. ఎర్ర పెన్ను తీసి, ఏమీ అడక్కుండా చివరి పది కథనాలూ చూసింది. రెండు వందల ఖాళీలు. పక్కనే కుర్చీ అంచున కూర్చున్న దుప్పట్లక్క, పెన్ను ఆగిన ప్రతిసారీ ముందుకు వంగి చూసింది. చివరికి లెక్క తేలింది. తప్పులు ఇరవై ఒకటి.

"ఇరవై ఒకటా? రెండొందల్లోనా?"

"అవును. కొట్టేసి మళ్లీ రాసినవి అరవై ఒకటి ఉన్నాయి. వాటిలో యాభై మూడు నువ్వు మొదట నిజంగానే తప్పు రాశావు. ఎనిమిది చోట్ల మాత్రం శుభ్రమైన మాటను కొట్టించేసి చెత్త రాయించారు. ఎవరమ్మా నీ టీచరు?"

దుప్పట్లక్క జరిగిందంతా చెప్పింది. చెబుతుంటే ఎక్కడో మధ్యలో కోపం జారిపోయింది. పెద్ద సిస్టర్ పెన్నుకు మూత పెట్టింది.

"ముప్పై ఏళ్లు పేషెంట్ల మొహాలు చూశాను. నొప్పి ఎక్కడో నోరు విప్పకముందే చెప్పగలను. మా ఇంట్లోవాళ్ల మొహాలు ఇంత పట్టి చూశానో లేదో తెలీదు" అంది. తర్వాత ఎప్పటి గంభీరమైన గొంతుతో, "వెళ్లు. తిని పడుకో. రేపు బొటనవేలు చూసుకో" అంది.

దుప్పట్లక్క మెట్లు దిగుతూ రెండో అంతస్తు మలుపు దగ్గర ఆగి ఏడ్చేసింది. తప్పు వెతకడానికని తాను అనుకున్న ఆ చూపు, పద్దెనిమిదేళ్లుగా తనను నేర్చుకుంటోంది. అమ్మ కూడా అంతకాలం చూడలేదు, తన తొమ్మిదో ఏటే పోయింది. ఇంత అదృష్టాన్ని ఇంట్లో పెట్టుకుని, ఒళ్లు మండుతోందని మొగుడి దగ్గర సణుక్కుంటూ బతికానే అనుకుంది. కళ్లు తుడుచుకోబోతే వేళ్ల పగుళ్లకు ఉప్పు తగిలి చురుక్కుమంది.

పరీక్షలో కథనం ఒక వంతెన గురించి వచ్చింది. పదమూడు ఖాళీల దాకా చెయ్యి సాఫీగా నడిచింది. పద్నాలుగో దగ్గర బొటనవేలు పెన్ను చివర నొక్కుతోందని ఆవిడే గమనించింది. పెదవి కూడా ఎడమ పక్కకే పోయి ఉంటుంది. రాసింది కొట్టేసి, మొత్తం మళ్లీ మొదట్నుంచి చదివింది. అలా నాలుగుసార్లు చేసింది. గంట కొట్టేసరికి అందరికంటే చివర లేచింది ఆవిడే.

వారం తర్వాత నోటీసు బోర్డు మీద ఆవిడ అసలు పేరు, పక్కన పదహారు అని అంకె కనిపించాయి. ఇంటికి పరుగు పరుగున వచ్చి చెప్పబోయింది. గుమ్మంలో అడుగు పెట్టగానే అత్తగారు కళ్లజోడు పైనుంచి చూసి, "ప్యాసయ్యావు" అనేసి, ఏప్రాన్‌తో కళ్లు ఒత్తుకున్నారు. తేరుకుని, మార్కులెన్నో విన్నాక, "ఇరవైకి పదహారేనా?" అని కూడా అడిగారు.

రెండు నెలలు తిరిగేసరికి వేళ్ల పగుళ్లు మూసుకుపోయాయి. రాతలన్నీ రబ్బరుతో చెరిపేసి పుస్తకం వెనక్కి ఇవ్వడానికి వెళ్లినప్పుడు దుప్పట్లక్క దానితో పాటు ఆ కాగితపు ఉండను కూడా బల్ల మీద పెట్టి తల దించుకుంది. పెద్ద సిస్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పకపకా నవ్వింది. ఆవిడ నవ్వడం ఆ అంతస్తులో చాలామందికి అదే మొదటిసారి. కొత్తగా నాలుగు కాగితాలు తీసుకుని జవాబులన్నీ తన చేత్తో రాసి ఇచ్చింది. "ఇస్త్రీ దగ్గర పనిచేసే అమ్మాయి ఈ పరీక్ష రాస్తానంటోంది. ఆమెను మీ అత్తగారి దగ్గర కూర్చోబెట్టు" అంది.

మర్నాడు నాలుగింటికి ఇస్త్రీ అమ్మాయి వచ్చి వంటింటి బల్ల దగ్గర బెరుగ్గా కూర్చుంది. అత్తగారు ఎదురుగా కూర్చుని, కళ్లజోడు జార్చి, ఆ మొహంలోకి చాలాసేపు చూశారు. చివరికి కాగితాలు కోడలి వైపు తోసేశారు.

"నావల్ల కాదే. ఈ పిల్ల మొహం నాకింకా రాదు. జవాబులు నువ్వే చూడు."

"ఎన్నాళ్లు పడుతుందేంటి అత్తయ్యా?" అంది దుప్పట్లక్క నవ్వుతూ.

"నీది రావడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది" అన్నారు అత్తగారు. అని, అలవాటు కొద్దీ, ఆ మాట కోడలికి ఎలా తగిలిందో అని కళ్లజోడు పైనుంచి ఆమె మొహంలోకి చూశారు. దుప్పట్లక్క ఈసారి మొహం తిప్పుకోలేదు.