లావణ్య పాట మీద ఉపన్యాసం

నా చేతి మీదుగా అచ్చయిన వార్తల్లో తప్పులు చాలానే ఉన్నాయి. ఊరి పేర్లు తప్పాయి. చనిపోయినవాళ్ల వయసులు తప్పాయి. మర్నాడు ఓ మూల సవరణ వేసి మరిచిపోయాం. ఒక్క వార్తకు మాత్రం సవరణ వేయలేదు. అది రాసి పన్నెండేళ్లు దాటింది. అది అబద్ధమని రాస్తున్నప్పుడే నాకు తెలుసు. దానికి నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పును అప్పటి నుంచి ఎక్కడా దించుకోలేక మోస్తున్నాను. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. ఇందులో మనుషుల పేర్లు కూడా మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే చెప్తాను. అలా చెప్పడం నాకు చేతనవునో కాదో చూడాలి.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. బొగ్గు లేక కరెంటు గంటలకు గంటలు పోయేది. నేను జగిత్యాలలో ఒక పత్రికకు విలేకరిని. సమ్మెతో దవాఖానాల్లో ఏం జరుగుతోందో రాద్దామని పిల్లల నర్సింగ్ హోం ఒకదానికి వెళ్లాను. అక్కడ అద్దాల పెట్టెలో ఒక ఆడపిల్ల ఉంది. ఏడో నెలలోనే పుట్టింది. ఎంత చిన్నదంటే, నా అరచేయి తెరిచి పక్కన పెడితే నా చెయ్యే పెద్దది. ఒంటికి తీగలు, ముక్కుకు గొట్టం. పక్కన మిషను మీద అంకెలు ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి.

తల్లి లావణ్యది సిరిసిల్ల. కోరుట్లకు ఇచ్చారు. భర్త మస్కట్‌లో ఉన్నాడు. తొలి కాన్పు కాబట్టి కడుపు పడగానే పుట్టింటికి వచ్చింది. నొప్పులు ముందే వచ్చి, ఆపరేషన్ చేసి పాపను తీశారు. కరీంనగర్‌లో పెట్టె ఖాళీ లేదన్నారు. అత్త రాజవ్వ, కోరుట్లకు దగ్గరని జగిత్యాలకు తీసుకొచ్చింది. తల్లి కుట్లతో, జ్వరంతో సిరిసిల్లలోనే ఉండిపోయింది. బిడ్డను ఒక్కసారి, అదీ అంబులెన్సు ఎక్కిస్తుంటే చూసిందట.

ఆ వార్డులో రూతమ్మ అని ఒక నర్సు ఉండేది. వెల్గటూర్ మనిషి. ఆమెకు ఒక అలవాటు. పెట్టె కిటికీలోంచి చెయ్యి పెట్టి, పాప తల మీద ఆనించి, సన్నగా పాడేది. పాడుతూ అంకెలు చూసేది. పెద్ద డాక్టరు నవ్వేవాడు కానీ ఆపేవాడు కాదు. రోజంతా మిషన్ల కూతలు తప్ప ఈ పిల్లలకు ఇంకేం వినపడుతుందని ఆమె బాధ. కడుపులో ఉన్నప్పుడే బిడ్డ తల్లి గొంతు వింటుందని, ఆ గొంతు మళ్లీ వినిపిస్తే గుండె నెమ్మదిస్తుందని, ఊపిరి కుదుటపడుతుందని నాకు చెప్పింది. నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. అప్పుడు ఆమె నా భుజాన వేలాడుతున్న రికార్డరు చూసింది. నా బండికి ప్రెస్ అని బోర్డుంది, రాస్తారోకోల్లో నన్ను ఎవరూ ఆపరు. మర్నాడు నేతకార్మికుల సభకు సిరిసిల్ల వెళ్తున్నానని నేనే అన్నాను. ఆ తల్లి పాట ఒకటి పట్టుకు రమ్మని అడిగింది. సెల్‌ఫోన్లు లోపలికి రానివ్వరు. ఇదొక్కటే దారి.

వెళ్లాను. లావణ్య ఇల్లు సాంచల షెడ్డు పక్కనే. మరమగ్గాలను అక్కడ సాంచలంటారు. ఏడో నెల దాకా ఆమె ఆ షెడ్డులోనే నూలు కండెలు చుట్టింది. పాడమంటే తల వంచుకుంది. సాంచల చప్పుడు లేకపోతే తనకు పాట రాదంది. సిగ్గుపడి తప్పించుకుంటోందనుకున్నాను. కాదు. చిన్నప్పటి నుంచి ఆ చప్పుడు మీదే పాడింది, దాని వరసలోనే ఆమె పాట నడుస్తుంది. కరెంటు లేదు. గంటకు పైగా కూర్చున్నాం. కరెంటు రాగానే షెడ్డులో సాంచలు కదిలాయి. ఆమె గోడకు ఆనుకుని, కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, కళ్లు మూసుకుని పాడింది. తన మాటలే. ఎర్ర నూలు, పచ్చ నూలు, మస్కట్‌లో నాయన, పెట్టెలో బిడ్డ. గొంతు బొంగురు. శ్రుతి నాకు తెలియదు. కానీ ఇన్నేళ్ల ఈ పనిలో ఎందరివో మాటలు పట్టాను, ఎవరి గొంతుకూ నా చేతిలో రికార్డరు అంత జాగ్రత్తగా లేదు.

ఆ జాగ్రత్త ఎంతసేపుంది?

వేములవాడ దాటాక రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, అన్నం ఉడికే గంజులు, వందల మంది. జిల్లా పెద్ద నాయకుడొకరు అప్పుడే వచ్చి మైకు పట్టుకున్నాడు. మొదటి పేజీ వార్త. నా దగ్గర ఉన్నది ఒకే క్యాసెట్. మొదటి వైపు నిండిపోయింది. రెండో వైపు మొదట్లో లావణ్య పాట, రూతమ్మకు ఇవ్వగానే మోగేలా మొదటికి తిప్పి పెట్టుకున్నాను. పాట అయిపోయేదాకా ముందుకు తిప్పి, ఆ తర్వాత రికార్డు మీట నొక్కాలి. అర నిమిషం పని. నాయకుడు మొదలుపెట్టేశాడు. నేను తిప్పలేదు. నొక్కేశాను.

పొరపాటున నొక్కానని రాయబోయాను. కొట్టేశాను. పొరపాటు కాదు. ఆ అర నిమిషంలో రెండు గొంతులు నా ముందున్నాయి. ఏది పెద్దదో నేనే తేల్చాను. తెలంగాణ కోసమే కదా అని కూడా అనుకున్నాను. అనుకున్నానా? లేక తర్వాత ఎప్పుడో నాకు నేను చెప్పుకున్నానా?

వెనక్కి వెళ్లి మళ్లీ పాడించుకోవచ్చు. పొద్దుంది. బండిలో పెట్రోలుంది. కానీ వార్త పంపాలి. జగిత్యాల వచ్చేశాను. క్యాసెట్ మొదటి వైపున అంతకుముందు రోజు కోరుట్లలో రోడ్డు మీద బతుకమ్మలు పెట్టి ఆడిన ఆడవాళ్ల పాటలున్నాయి. ఒకచోట చప్పట్లు మొదలవక ముందు, ఒక ముసలామె ఒక్కతే ఎత్తుకుంటుంది. అక్కడికి తిప్పి పెట్టి రూతమ్మకు ఇచ్చాను.

ఆమె రికార్డరును స్పిరిటుతో తుడిచి, తువ్వాలలో చుట్టి, పాప కాళ్ల దగ్గర పెట్టి సన్నగా వినిపించింది. కాసేపు విని నా వైపు తిరిగింది.

"తల్లి సిన్నపిల్ల అన్నరు గద సార్. గొంతు గింత ముసలిగున్నదేంది?"

"జ్వరం కదా సిస్టర్" అన్నాను.

అంకెలు మారలేదు. ఒకసారి చప్పట్ల చప్పుడు పడితే పాప చేతులు రెండూ ఉలిక్కిపడి విచ్చుకున్నాయి. రూతమ్మ ఆపేసి, మళ్లీ పెట్టింది. అంతే. నేను చూసింది అంతే.

మర్నాడు వచ్చిన వార్త ఇది: సమ్మె వల్ల తల్లి రాలేకపోయింది, తల్లి పాట వచ్చింది, ఇక రోజూ వినిపిస్తారు, అద్దాల పెట్టెలో పసికందు గుండె నెమ్మదించింది, ఊపిరి కుదుటపడింది. రూతమ్మ నాకు ముందు చెప్పిన మాటలనే, జరిగిపోయినట్టు రాశాను. జిల్లా ఎడిషన్‌లో బాక్స్ కట్టి వేశారు. డెస్క్ నుంచి ఫోన్ చేసి, ఉద్యమంలో ఇలాంటి మానవీయ కోణం ఎవరికీ దొరకలేదన్నారు.

రాజవ్వ కూడా ఫోన్ చేసింది. నవ్వుతోంది. "మా కోడలు పాట ఎత్తుకుంటె మా బర్రె గూడ తాడు తెంపుకుంటది సార్. గీ పొల్లకెట్ల నిద్రవట్టిందో!" తర్వాత మామూలుగా ఇంకో మాట చెప్పింది. ఒక బంధువు కారు మాట్లాడి, డాక్టరు చీటీ రాయించి, ఒకటి రెండు రోజుల్లో కోడలిని జగిత్యాలకు తెద్దామనుకున్నారట. పచ్చి కుట్లు, రోడ్ల మీద రాళ్లు. పాటతోనే పిల్లకు బాగవుతోందని పేపర్లో వచ్చింది కాబట్టి, కోడలు కోలుకున్నాకే తెస్తామంది.

ఆ క్షణంలో నేను నోరు తెరవాలి. తెమ్మని ఒక్క మాట అంటే చాలు, కారణం కూడా అడిగేది కాదు. "మంచిది" అన్నాను.

పదకొండు రోజులు. సిరిసిల్లలో ఆ తల్లి పాలు పిండి పారబోసింది. జ్వరం తిరగబెట్టింది. తర్వాత పిండడానికీ పాలు లేవు. ఇక్కడ పాప బరువు పెరగలేదు. రెండుసార్లు ఊపిరి మరిచిపోయింది. రూతమ్మ అరికాలు మీద వేలితో కొడితే మళ్లీ అందుకుంది. నా వార్త వల్లే అని ఏ డాక్టరూ అనడు. తల్లి ముందే వచ్చుంటే అవి జరిగేవి కావనీ నేను చెప్పలేను. ఆ పదకొండు రోజులు ఆ ఇద్దరివి, నేను తీసుకున్నాను. ఇంతవరకు రాయగలను.

లావణ్య వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. ఫాలోఅప్ కోసమని డెస్క్ పంపింది. అద్దం ఇవతల నిలబడ్డాను. రూతమ్మ ఆమెను కుర్చీలో వెనక్కి వాల్చి, పాపను తీగలతో సహా ఎత్తి, చీర కొంగు కింద రొమ్ముల మధ్య బోర్లా పడుకోబెట్టింది. లావణ్య చాలాసేపు కదలలేదు. ఊపిరి తీస్తే పాప జారిపోతుందేమో అన్నట్టుంది. రూతమ్మ పాడమన్నట్టుంది. లావణ్య ఏదో అంది. సాంచలు లేవనే అయ్యుంటుంది. తర్వాత చూపుడు వేలితో పాప వీపు మీద కొట్టడం మొదలుపెట్టింది. కొట్టడం కాదు, ఆనించి తీయడం. అదే వరస. ఆ వరస మీద పాట అందుకుంది. అద్దం అవతల నుంచి సగమే వినపడింది.

పాప మొహం అటు వైపుంది. మెల్లగా ఇటు తిప్పుకుంది. ఆ మెడలో ఆ బలం ఎక్కడిది? పిడికిలి విచ్చుకుని వేళ్లు తల్లి చర్మం మీద పరుచుకున్నాయి. అంకెలు చూశాను. పాప వచ్చినప్పటి నుంచి కుదురుగా ఉండని ఆ అంకెలు ఒక్కచోటికి వచ్చి ఆగాయి. పెద్ద డాక్టరు తలుపు దగ్గర చెప్పులు విడుస్తూ సగంలో నిలబడిపోయాడు. నేను ఎన్నో సభలు చూశాను, లక్షల మంది ఒక్క గొంతుతో అరవడం విన్నాను, ఒళ్లు పులకరించింది కూడా. కానీ అంత నిశ్శబ్దంగా ఒక మనిషి ఇంకో మనిషిని గుర్తుపట్టడం అంతకుముందు చూడలేదు. ఆ తర్వాతా చూడలేదు. చీకటి కడుపులో, సాంచల మోతలోంచి, ఆ గొంతును ఏరుకుని దాచుకుందా ఆ పిల్ల? ఇన్ని రోజుల కూతల్లో దాన్ని పోగొట్టుకోకుండా ఎట్లా ఉంచుకుంది?

నోట్‌బుక్కు తీశాను. రాయడానికేం లేదు. నెమ్మదించిన గుండె, కుదుటపడిన ఊపిరి, అన్నీ ముందే వాడేశాను. నిజంగా జరిగినప్పుడు నా దగ్గర ఒక్క మాట మిగల్లేదు.

రూతమ్మ అద్దంలోంచి ఒకసారి నన్ను చూసింది. లావణ్య గొంతు వింది కదా. ఆ రికార్డరు మాట మాత్రం లావణ్యతో ఎన్నడూ ఎత్తలేదు.

బయటికొచ్చాక లావణ్య వరండాలో నన్ను పట్టుకుంది.

"అన్నా, ఇన్నొద్దులు రాకపోతి, బిడ్డ నన్ను గుర్తువడుతదా లేదా అని తొవ్వంత ఏడ్సుకుంట అచ్చిన."

"గుర్తుపట్టింది కదమ్మా."

"ఎందుకు గుర్తువట్టది? రోజు ఇన్నది గద నా పాట. నువ్వు తెచ్చినవు." కొంగుతో మొహం తుడుచుకుంది. "పాలియ్యలేకపోయిన అన్నా. పాటన్న ఇచ్చిన. నాకు గంతే సాలు."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. అంతకంటే చెప్పలేని సమయమూ లేదు. ఆమెకు మిగిలిన ఒక్క ఓదార్పు నా అబద్ధమే. దాన్ని లాగేసే హక్కు నాకు లేదనుకున్నాను. అది దయ అని చాలా ఏళ్లు నమ్మాను. దయా? నా వార్తను నేను కాపాడుకోవడమా? రెండూ ఒకే గొంతుతో మాట్లాడితే ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది?

మొన్న కోరుట్ల బస్టాండులో కనపడ్డారు. తల్లీ కూతురూ. పిల్ల బడికి పోతోంది, తల్లి భుజం దాటింది. నీ పాట తెచ్చిన సారు ఈయనేనని లావణ్య పరిచయం చేసింది. పిల్ల కొంచెం మొహమాటపడి, ఆ క్యాసెట్ ఇంకా ఉందా, ఒక్కసారి వినొచ్చా అని అడిగింది. "ఇంట్ల పాడితె సెవులు మూసుకుంటది అన్నా. క్యాసెట్ల అయితె ఇంటదట" అని తల్లి నవ్వింది. పాడైపోయింది బిడ్డా అన్నాను. పన్నెండేళ్ల తర్వాత, అంత తేలిగ్గా, ఇంకో అబద్ధం. బస్సు వచ్చింది. ఎక్కారు.

ఆ బస్సు పోయాక కూడా అక్కడే కూర్చున్నాను. అప్పుడు తట్టింది నాకు. ఇన్నాళ్లూ ఆమె నుంచి నేను దాచింది నా తప్పు అనుకున్నాను. దాని కింద ఇంకోటి కూడా ఉండిపోయింది. బిడ్డ తనను గుర్తుపట్టింది రోజూ వినిపించిన పాట వల్లే అని ఆమె నమ్ముతోంది. ఎవరో అలవాటు చేస్తే అలవాటైందనుకుంటోంది.

కాదు లావణ్యా. నీ పాట మీద నేను ఉపన్యాసం ఎక్కించాను. నీ బిడ్డకు వినిపించింది ఎవరో ముసలామె గొంతు. నేను రాసింది అబద్ధం. ఆ అబద్ధాన్ని నమ్మి నిన్ను పదకొండు రోజులు ఆపారు. ఆ పదకొండు రోజుల్లో నీ బిడ్డ నీ గొంతు ఒక్కసారి కూడా వినలేదు. ఎవరూ గుర్తు చేయలేదు. అయినా నువ్వు పాట ఎత్తగానే తల తిప్పింది. నేను చూశాను.

ఇది చదివితే నువ్వు నన్ను క్షమించవు. క్షమించమని అడగడం లేదు. ఆ రోజు వార్త ఇది. ఆలస్యంగా పంపుతున్నాను.