కామాగారి పదకొండు పళ్ళు

మా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పెద్దాయనను అందరం కామాగారు అనేవాళ్ళం. ఇరవై రెండేళ్ళుగా అదే కిటికీ, అదే కుర్చీ. పేజీలోంచి ఒక్క కామా పారిపోయినా, చెవి పట్టుకుని తెచ్చి దాని చోట కూర్చోబెట్టేవారు. నేను అక్షరాలు పేర్చేవాణ్ణి.

డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే పూట సెలవిచ్చేవారు. కాకపోతే ఏ అవయవమో, ఏం బాధో గుమ్మం దగ్గరి రిజిస్టరులో నలుగురికీ కనబడేలా రాయాలి. ఆ నియమం నా పుణ్యమే. ఒకే ఏడాదిలో మా అమ్మమ్మను నాలుగుసార్లు ఆసుపత్రిలో చేర్చాను. నాలుగోసారి ఆవిడే స్వయంగా నా క్యారేజీ పట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

ఆ తరువాతి ఏడాది కామాగారు వారానికో పూట సెలవు పెట్టసాగారు. ప్రతిసారీ ఒకటే మాట రాసేవారు, "పన్ను పీకించుకోవాలి" అని. ఊరుకోలేక లెక్కపెట్టాను. పదకొండు.

ఒకరోజు అందరం టీ తాగుతున్నాం.

"కామాగారూ, పదకొండు పళ్ళు పోయాక కూడా బిస్కెట్టు అంత కరకరా ఎలా నములుతున్నారండీ?" అన్నాను నేను.

"నీకెందుకోయ్ కోతలరాయుడూ, నీ టీ నువ్వు తాగు."

"ఒక్కసారి నోరు తెరవండి, ఎన్ని మిగిలాయో చూస్తాం."

పుస్తకాలు కుట్టే అక్క పకపకా నవ్వింది. "తెరవండి బాబాయ్, మేమేం కుట్టేయంలే!"

ఆ మాటకు ఆయనకూ నవ్వు ఆగలేదు. నోరు తెరుచుకుంది. పళ్ళన్నీ వరసగా ఉన్నాయి, ఒక్కటీ పోలేదు.

అటుగా వెళ్తున్న మేనేజరు ఆగాడు. "మరి వారం వారం ఎక్కడికండీ వెళ్తున్నారు?"

కామాగారు గ్లాసు బల్లమీద పెట్టబోయారు. చెయ్యి బల్లకు బెత్తెడు ఇవతలే ఆగింది. గ్లాసు నేలమీద పడి పగిలింది.

"కంటి డాక్టరు దగ్గరికండీ," అన్నారు తలవంచుకుని. "పొర కమ్ముతోంది. ప్రూఫులు దిద్దేవాడు కన్ను అని రాస్తే ఇంకా ఆ కుర్చీలో ఉంచుతారా? పేజీలు ఇంటికి పట్టుకెళ్ళి మా కోడలి చేత చదివించుకుంటున్నాను. ఒక్క తప్పూ పోలేదండీ. వైద్యం జరుగుతోంది, ఇంకో మూడు వారాల్లో నయమైపోయేది."

నేను గాజుపెంకులు ఏరుతున్నట్టు నటిస్తూ బల్ల కిందే ఉండిపోయాను.

మర్నాడు ఆయన్ను పార్సిళ్ళ గదికి మార్చారు. చూపు నెమ్మదిగా తిరిగి వచ్చింది. అప్పటికి ఆ కుర్చీలో వేరే ఆవిడ కుదురుకుంది.

చిన్నప్పుడు కాన్వెంటు బడిలో తప్పు చేస్తే సిస్టరు మోకాళ్ళ మీద నిలబెట్టేది. గంట కొట్టగానే శిక్షతోపాటు తప్పూ తీరిపోయేది. అలాంటి శిక్షేదో వేస్తారన్న ఆశతో ఒకరోజు పార్సిళ్ళ గదికి వెళ్ళాను.

"తప్పు నాదేనండీ," అన్నాను.

"తప్పులు పట్టడం ఇప్పుడు నా పని కాదోయ్," అన్నారు, చేతిలో పని ఆపకుండా. "వచ్చావుగా, ఈ దారం కొస కాస్త పట్టుకో."

పట్టుకున్నాను. ఆయన ముడి వేసి, ఇంకో కట్ట ముందుకు జరిపారు. దానికీ పట్టుకున్నాను. తలెత్తి ఆయన మొహంలోకి మాత్రం చూడలేకపోయాను.