ఈల మాస్టారి చూపు

ఈల మాస్టారు బడి గేటు దగ్గర నిలబడితే పిల్లలకు పై ప్రాణాలు పైనే పోయేవి. ఆయన చూపు బూట్ల దగ్గర మొదలై పైకి పాకేది. యూనిఫాంలో ఏ కాస్త తేడా కనిపించినా ఈల మోగేది, ఆ పిల్లో పిల్లాడో ఎండలో నిలబడాల్సి వచ్చేది.

"రూలు రూలే. నా కూతురైనా సరే," అనేవాడు. అన్నంత పనీ చేశాడు.

భార్య జ్వరంతో పడుకున్న ఓ శనివారం, రెండో తరగతి చదివే కూతురికి ఆయనే హడావిడిగా నీలం సాక్సులు తొడిగి పంపాడు. శనివారం తెల్లవి వేసుకోవాలి. గేటు దగ్గర ఈల మోగింది. రూలుకు కళ్లుండవు, సరే, ఆయనకున్నాయి కదా! "నువ్వే తొడిగావు కదా నాన్నా" అని ఆ పసిది నోరెత్తలేదు. తలొంచుకుని ఎండలో నిలబడింది. సాయంత్రం ఆ సాక్సులు విప్పుతుంటే గానీ అవి తనే తొడిగిన సంగతి ఆయనకు గుర్తురాలేదు. తప్పయిందన్న మాట గొంతు దాకా వచ్చింది. మాస్టారు కదా, మింగేశాడు.

ఇప్పుడా కూతురికీ ఓ కూతురు. పుట్టింటికి ఎప్పుడొచ్చినా గుమ్మం బయటే ఆగి, తన జుట్టు సవరించుకుని, పిల్ల కాలరు సర్ది గానీ తలుపు తట్టదు.

"ఇది నీ ఇల్లేనమ్మా, ఎలా ఉంటే అలా వచ్చేయ్" అనాలని ఈసారి గట్టిగా అనుకుని తలుపు తీశాడు.

నోరు తెరిచేలోపే ఆయన చూపు మనవరాలి బూట్ల మీద వాలింది. ఆ పిల్ల గబుక్కున తల్లి వెనక్కి నక్కింది.