తెల్లదొరకి రాసిన పౌడరు

ఈ ఆగస్టు పదిహేను పొద్దున ఏలూరులో గడ్డం గీయించుకుంటే, చివర్లో మెడకి పౌడరు కొట్టారు. ఆ వాసనకి కొల్లేటి పక్క మన బడి గుర్తొచ్చి ఒళ్లు మండింది.

ఐదో తరగతి నేస్తాలూ, సువార్త గుర్తుందా? చేపలు పట్టేవాళ్ల పిల్ల. ఆగస్టు పదిహేను నాటకంలో భరతమాత వేషం కావాలని ఆ డైలాగులన్నీ ముందే నోటికి పట్టేసింది. మేడమ్ మాత్రం ఆమెకి బ్రిటిష్ దొర వేషం ఇచ్చారు.

“భరతమాత తెల్లగా ఉండాలమ్మా.”

“మరి దొర నల్లగా ఉంటాడేంటండీ?”

“నీకు పౌడరు రాస్తాంలే.”

“ఆ పౌడరేదో రాసి నన్నే భరతమాతని చేయొచ్చు కదండీ!”

మనమంతా పగలబడి నవ్వాం. వేషం మాత్రం మారలేదు.

స్టేజీ మీద నేను స్వాతంత్ర్య వీరుణ్ని. సినిమా హీరోలా చొక్కా గుండీలు తెంచుకుని రొమ్ము చూపించాను. దొర “ఫైర్” అనాలి, నేను కూలిపోతూ పెద్ద డైలాగు కొట్టాలి. సువార్త అనలేదు. చెమటకి పౌడరు చారలు కట్టిన మొహంతో, జెండా పట్టుకున్న భరతమాతనే చూస్తూ నిలబడిపోయింది.

ఇప్పుడు నేను కరపత్రాలు చదివి సమానత్వం మీద పోస్టులు పెడుతున్నాను, మీరు లైకులు కొడుతున్నారు. ఇది కూడా మేడమ్‌ని కడిగేద్దామనే మొదలుపెట్టాను. కానీ ఆ రోజు నా చావు డైలాగు ఎక్కడ పోతుందోనని, మైకుకి వినపడకుండా సువార్తతో ఒక మాటన్నాను.

“ఫైరనవే, నల్లమొహమా!”

సువార్త “ఫైర్” అంది. మీ చప్పట్ల మధ్య నేను దేశం కోసం చచ్చిపోయాను.