అర్షియా కొట్టేసిన గడి

పెనుకొండ బస్టాండు దగ్గర బస్సు సీట్లకు కవర్లు కుట్టే షంషుద్దీన్ గారి పెద్ద కూతురు అర్షియా. మూడేళ్లు నా తరగతిలో చదువుకొన్నది. లెక్కలో తప్పు దొర్లితే రబ్బరుతో చెరిపేది కాదు. ఒక్క గీతతో కొట్టి, పక్కన సరైనది రాసేది. ఎందుకని అడిగితే, "తప్పు కనపడతాంటేనే కదా టీచర్, మళ్లీ చెయ్యకుండా ఉండేది" అని జవాబు చెప్పింది.

డిగ్రీలో కంప్యూటర్ చదివి, ఒక ట్రస్టు ఆసుపత్రి పెనుకొండ శాఖలో ఓపీ చీట్లు రాసే ఉద్యోగంలో చేరింది. ఆ ట్రస్టుకు హిందూపురంలో పెద్దాసుపత్రి, ధర్మవరంలో మరొక శాఖ ఉన్నాయి. పదేళ్లు గడిచేసరికి, మూడుచోట్లా రోగుల వివరాలను కాగితాల నుంచి కంప్యూటర్లోకి మార్చే పనికి ఆమెనే నాయకురాలిని చేశారు. ధర్మవరంలో పరీక్షలు చేయించుకొన్న మనిషి సంచీ నిండా కాగితాలు మోయకుండా హిందూపురం పోవాలన్నది ఆమె పట్టుదల. రెండు ఊళ్లు ఎనిమిది నెలల్లో దారికి వచ్చాయి. ధర్మవరం మిగిలింది.

అక్కడ కంప్యూటర్ మొదలైన మూడో రోజున, మగ్గాలకు పట్టుదారం కండెలు చుట్టే సుంకమ్మ జ్వరంతో వచ్చింది. డాక్టర్ ఉషారాణి తెర చూసి మందలించింది.

"ఏమ్మా, షుగరు మాత్రలు ఎందుకు మానేసినావు?"

"నాకు షుగరు యాడుండాది డాక్టరమ్మా! అది మూల మగ్గం సుంకమ్మకు. మీ పెట్టె లేని రోగాలు కూడా అంటిస్తాండాదే!"

బయట బెంచీల మీద వాళ్లందరూ నవ్వారు. శాఖ మేనేజరు రాజశేఖర్ మాత్రం నవ్వలేదు.

"నవ్వుతాండారు కానీ, ఆయమ్మ నోరు తెరవకపోయింటే ఏమయ్యేది?" అని అర్షియాను నిలదీశాడు. "శనివారం వరకు టైమిస్తా. అప్పటికి సరికాకపోతే సోమవారం నుంచి ఈడ మళ్లీ కాగితాలే. హిందూపురానికి నేనే చెప్తా."

జరిగిందేమిటో తెలుసుకోవడానికి అర్షియాకు అరగంట చాలింది. కంప్యూటర్ రోగిని ఫోను నంబరుతో వెతుకుతుంది. నేతగాళ్ల వీధిలో ఎవరూ సొంత నంబరు చెప్పరు. మగ్గం మీద కూర్చున్నవాళ్లు ఫోను ఎత్తరు; ఆడవాళ్లలో చాలామందికి ఫోనే లేదు. గ్యాసుకైనా, బడికైనా, ఆసుపత్రికైనా మగ్గాల షెడ్డు యజమాని ఉమేష్ నంబరే ఇస్తారు. ఫోను వస్తే ఆయన కేకేసి పిలుస్తాడు. ఆ ఒక్క నంబరు కింద ముప్పై ఒక్క మంది ఉన్నారు. వాళ్లలో ముగ్గురు సుంకమ్మలు; ముగ్గురికీ వయసు సుమారు యాభై.

మరి ఇన్నేళ్లూ పాత రిజిస్టర్లలో వీళ్లు ఎందుకు కలిసిపోలేదు? ఆమె రికార్డు గదికి వెళ్లింది. ముప్పై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న మారప్ప ఒక రిజిస్టరు తెరిచి ముందు పెట్టాడు. ప్రతి పేరుకూ చివర 'గుర్తు' అనే గడి ఉంది. "మూల మగ్గం", "కండెలు చుట్టేది, బత్తలపల్లి పుట్టిల్లు", "బావి పక్కిల్లు".

అర్షియా ఆ గడిని గుర్తుపట్టింది. కొత్త నమూనా తయారుచేసిన రోజున, హిందూపురంలో కూర్చుని, అనవసరమని ఆ గడిని కొట్టేసింది తానే. మిగిలిన రెండు ఊళ్లలో దానిని ఎవరూ నింపేవారు కాదు మరి.

"ఈ గడి తీసేస్తాంటే నాకొక్క మాట చెప్పకపోతివే మారప్పన్నా!"

"నువ్వడిగితివా? ల్యాప్‌టాప్ పట్టుకొని వస్తివి, రాసుకొంటివి, పోతివి. నా ముఖమన్నా చూస్తివా?"

"చూడలేదు. తప్పు నాదే."

మధ్యాహ్నం సిబ్బందినంతా పిలిచి అదే మాట మళ్లీ చెప్పింది. "కంప్యూటరుది కాదు, రిసెప్షన్ వాళ్లదీ కాదు. గడి కొట్టేసింది నేను. దాన్ని నేనే పెడతా. కానీ మారప్పన్న నా పక్కన కూర్చోవాల."

"కూర్చొంటాలే. కానీ టీ నువ్వే తాపాల" అన్నాడు మారప్ప.

ఆ రాత్రే అర్షియా కంప్యూటర్లో ఆ గడిని మళ్లీ చేర్చింది. మరునాటి నుంచి వాళ్లిద్దరూ ఉమేష్ షెడ్డులోనే మకాం పెట్టారు. ఒక్కొక్కరికీ వేరే కార్డు, వేరే సంఖ్య, వాటితోపాటు ఒక గుర్తు. మారప్ప పాత గుర్తులలో "కుంటికాలు", "మెల్లకన్ను" వంటివి కూడా ఉన్నాయి. వాటిని అర్షియా ఒప్పుకోలేదు. ఎవరి గుర్తు వాళ్లే చెప్పాలన్నది.

"అట్లయితే చీర కొంగుకు నెమళ్లు ఎక్కించే చెన్నప్ప అని రాయమ్మా" అన్నాడు ఒక నేతగాడు.

"నెమళ్లా? పోయిన నెల నీ నెమళ్లు కోళ్ల మాదిరి ఉన్న్యాయి కదప్పా!" అన్నాడు ఉమేష్. షెడ్డంతా ఘొల్లుమన్నది. చెన్నప్ప కార్డులో నెమళ్లే ఉన్నాయి.

శుక్రవారం మూల మగ్గం సుంకమ్మ పరీక్షకు వచ్చింది. చక్కెర బాగా పెరిగింది. మూత్రపిండాల పరీక్ష కూడా ఆందోళన కలిగించేటట్లు ఉంది. హిందూపురంలో పెద్ద డాక్టరుకు చూపించాలని ఉషారాణి తెరమీదనే రాసి పంపింది.

శనివారం రాజశేఖర్ తానే షెడ్డుకు వచ్చాడు. ముప్పై ఒక్క కార్డులూ పంచడం అయిపోయింది. అతడు ఒక్కొక్కటే తిప్పి చూస్తుండగా ఉమేష్ ఫోను మోగింది. హిందూపురం నుంచి. ఉమేష్ స్పీకర్ ఆన్ చేశాడు.

"సుంకమ్మ గారికి సోమవారం పది గంటలకు డాక్టరు టైమిచ్చినారండీ."

రాజశేఖర్ ముందుకు వంగి తానే అడిగాడు. "ఏ సుంకమ్మమ్మా? ఈడ ముగ్గురుండారు."

అవతలి అమ్మాయి ధర్మవరం ముఖమైనా చూసి ఉండదు. అయినా ఒక్క క్షణం తడబడలేదు.

"మూల మగ్గం సుంకమ్మ గారండీ. రిపోర్టులు మా దగ్గరే ఉన్నాయి, కాగితాలేమీ తేనక్కర్లేదు."

ఉమేష్ షెడ్డు చివరికంటా వినబడేటట్లు కేకేశాడు. మూలన మగ్గం చప్పుడు ఆగింది.

"నన్నేనా?" అంటూ సుంకమ్మ లేచి వచ్చింది. "సంచి యాడ పెట్టినానో, వెతకాల."

"సంచి వద్దంటాండారు. ఆ కార్డొకటి చాలంట" అన్నాడు రాజశేఖర్. తర్వాత మారప్ప వైపు తిరిగాడు. "సోమవారానికి కొత్త రిజిస్టర్లు తెప్పించమని చెప్పినాను కదా, వద్దని చెప్పెయ్ మారప్పా."

"నిన్ననే చెప్పేస్తిని సార్" అన్నాడు మారప్ప.