మైకు ముందరి జాలి

దేవిదాసుది ఏర్గట్ల. గొంతు మంచిదని ఊళ్లో పేరు. ఎనభయ్యారులో పెళ్లి చేసుకుని, ఆర్మూరు అంచున ఉన్న పెర్కిట్‌కు ఇల్లరికం వచ్చాడు. మామ భోజన్న పెళ్లిళ్లకూ సభలకూ మైకుసెట్లు కిరాయికిచ్చేవాడు. శాంతవ్వ ఆయనకు ఒక్కతే కూతురు. "దుకాణం ఎనక గోదాంల పాటలు రికార్డు చేసే రూము పెడుతున్న. నువ్వు పాడుదువు గని" అని మామ అన్న ఒక్క మాటకే దేవిదాసు ఒప్పుకున్నాడు. తన వాటా పొలం అన్నకు వదిలేసి, రెండు జతల బట్టలతో బస్సెక్కాడు.

ఆ గది ఒకప్పుడు పసుపు గోదాం. బయటి చప్పుడు రాకుండా కిటికీలు ఇటుకలతో మూసేశారు. గోడలకు గోనెసంచులు, వాటి మీద పాత బొంతలు కొట్టారు. ఫ్యాను తిరిగితే మైకులో గాలిమోత వస్తుందని ఫ్యాను పెట్టలేదు. ఎంత ఊడ్చినా నేల సందుల్లోంచి పసుపు దుమ్ము లేచేది.

మొదటిరోజే దేవిదాసు మైకు ముందు నిలబడి పాడాడు. టేపు వెనక్కి తిప్పి విన్నారు. పాట బాగానే ఉంది కానీ 'ప' పలికినచోటా, 'బ' పలికినచోటా పెదవుల గాలి మైకుకు కొట్టి, స్పీకరు గుబ్బు గుబ్బుమంది.

భోజన్న మొహం చిట్లించాడు. "నీ గొంతు మైకుకు పడది అల్లుడా. పాడెటోళ్లు మస్తు మంది దొరుకుతరు. నువ్వు మిషిన్ నేర్సుకో."

దేవిదాసు నేర్చుకున్నాడు. ఎంత బాగా నేర్చుకున్నాడంటే, ఇక అతను లేకుండా ఆ గది తలుపు తెరిచేవాళ్లు లేరు. పొద్దున లోపలికి పోతే మళ్లీ ఎండ మొహం చూసేది సాయంత్రమే. ఎవరెవరో వచ్చి పాడిపోయేవారు. తను మాత్రం చిన్న అద్దం ఇవతల కూర్చుని మీటలు తిప్పేవాడు. ఆరేళ్లు గడిచాయి.

తొంభైరెండులో బతుకమ్మ పాటల క్యాసెట్ కోసం గంగాబాయిని పిలిపించారు. బీడీలు చేసుకునే మనిషి, యాభై దాటాయి. ఆమె గొంతెత్తితే బొంతలు కొట్టిన గోడలు కూడా మోగేవి. కానీ బతుకమ్మ పాటంటేనే పువ్వులు. పువ్వన్న ప్రతిసారీ గుబ్బు, బతుకమ్మ అన్న ప్రతిసారీ గుబ్బు.

"గీమె మైకుకు పనికిరాదు. పంపియ్యి" అన్నాడు భోజన్న.

ఆ మాట దేవిదాసుకు ఎక్కడో తగిలింది. "రెండ్రోజులు ఆగు మామా" అన్నాడు. మామకు ఎదురు చెప్పడం అతనికి అదే మొదటిసారి.

ఆమెను దూరం జరిపి పాడించాడు. గొంతు బావిలోంచి వచ్చినట్టయింది. మైకుకు జేబులోని దస్తీ చుట్టాడు. పాట జలుబు చేసినట్టు మూసుకుపోయింది. దిగాలుగా ఇంట్లోకి వచ్చేసరికి శాంతవ్వ రింగులో గుడ్డ బిగించి పూలు కుడుతోంది. దారపు ముక్కలు పోవాలని రింగు మీద ఉఫ్‌మని ఊదింది. ఎదురుగా ఉన్న దేవిదాసు చెంపకు గాలి తగల్లేదు.

"మల్ల ఊదు" అన్నాడు. రింగు వెనక అరచెయ్యి పెట్టి, "ప అను" అన్నాడు.

"పిస లేసిందా నీకు?" అందామె. మాట చక్కగా వినబడింది. గాలి మాత్రం చేతికి రాలేదు.

కుట్టుగుడ్డ మందం ఎక్కువ. శాంతవ్వ తన పాత నైలాన్ చీర కొంగు కత్తిరించి, రెండు పొరలుగా రింగుకు జాలిలా బిగించి ఇచ్చింది. దాన్ని ఇనుప తీగతో మైకుకు నాలుగు వేళ్ల దూరంలో నిలబెట్టాడు. గంగాబాయి పాడింది. టేపు తిప్పి వింటే పువ్వు పువ్వులాగే పలికింది.

"గీ జాలిల ఏం మంత్రం పెట్టినవు కొడుకా?" అని ఆమె నవ్వింది.

క్యాసెట్ బాగా అమ్ముడుపోయింది. పోచంపాడ్ నుంచి, ఇంకా దూరాల నుంచి కూడా పాడేవాళ్లు రాసాగారు. భోజన్న నలుగురిలో అల్లుణ్ని మెచ్చుకున్నాడు. "మావోడు లేకుంటే గీ రూము ఒక్కరోజు నడువది." ఆ మాటతో దేవిదాసుకు పని ఇంకా పెరిగింది. ఇంతకుముందు ఆదివారాలైనా సెలవుండేది. ఇప్పుడు అదీ పోయింది.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు మీట నొక్కి, లోపలికి ఉరికి, జాలి ముందు తనే పాడాడు. ఒక్క గుబ్బు లేదు. ఆరేళ్లుగా పనికిరాదనుకున్న గొంతు అది. కళ్లు తుడుచుకున్నాడు. శాంతవ్వకు వినిపిద్దామని మర్నాడు క్యాసెట్ పెడితే, అందులోంచి పాటకు బదులు మక్కజొన్న విత్తనాల దుకాణం ప్రచారం వచ్చింది.

"ఖాళీ క్యాసెట్ అనుకుని దుకాణం టేపుల నింపిన" అన్నాడు భోజన్న.

దేవిదాసు చెప్పులేసుకుని ఏర్గట్ల బస్సెక్కాడు. అన్న రెండు రోజులు బాగానే చూసుకున్నాడు. మూడోరోజు పొద్దున, "మల్ల ఎన్నడు పోతవు తమ్మీ?" అని అడిగాడు. ఆ మాటలో కోపం లేదు. అందుకే ఎక్కువ బాధ కలిగింది. మధ్యాహ్నానికి పెర్కిట్‌లో దిగాడు.

శాంతవ్వ అన్నం పెట్టి పక్కన కూర్చుంది. "నాకు మిషిన్ నేర్పు. నేను ఇవుతల కూసుంట. నువ్వు లోపట పాడు."

నెలరోజుల్లో నేర్చుకుంది. ఆమె మీటలు తిప్పుతుంటే దేవిదాసు పాడుతున్న రోజున భోజన్న వచ్చాడు. కూతురు చెయ్యెత్తి ఆపింది. గడపలోనే నిలబడిపోయాడు. పాట అయ్యాక, "రెండో చరణంల ఊపిరి అందలే. మల్ల పాడు" అని వెళ్లిపోయాడు.

తర్వాతి క్యాసెట్‌లో దేవిదాసువి రెండు పాటలు వచ్చాయి. 'ఏర్గట్ల దేవిదాసు' అని వెయ్యమన్నాడు. అట్ట మీద 'పెర్కిట్ దేవిదాసు' అని వచ్చింది.

ఆ ఏడు పసుపు అమ్మడానికి వచ్చిన నడిపయ్య దుకాణం ముందు ఆగాడు. ఏర్గట్లలో వాళ్ల పక్కింటి మనిషి. "మీ పెర్కిట్ల నీ పేరుగల్లాయన ఎవలో మస్తు పాడిండు బిడ్డా. మా ఇంట్ల రోజూ అదే పాట."

"అది నేనే కాకా."

"నువ్వు మిషిన్ నడుపుతవు గద!"

దేవిదాసు అక్కడే, సంచుల బండి పక్కన, ఎండలో నిలబడి రెండు చరణాలు పాడాడు. నడిపయ్య తలపాగా చెవుల మీదికెత్తి విన్నాడు. "గిదే గొంతు, గిదే" అన్నాడు. ఇంతలో లోపలి నుంచి భోజన్న కేక వినబడింది. పాడేవాళ్లు వచ్చి కూర్చున్నారట. దేవిదాసు ఒక్క నిమిషం ఎండలోనే నిలబడి, లోపలికి నడిచాడు.